కన్నులను నమ్మకుండుట – ఒక పలుకుబడిని గూర్చిన విచారము

ఆంగ్లభాషలో అత్యాశ్చర్యమును తెలుపు పలుకుబళ్లలో 'తన కన్నులను తానే నమ్మజాలకపోవుట' అను అర్థము గలది ఒకటి. ఊహింపని దానిని ఎదుట చూచినవాడు, అది నిజముగా నున్నదా, లేక కన్నులే తప్పు చెప్పుచున్నవా అని క్షణకాలము సందేహించుటను ఈ పలుకుబడి సూచించును. నేడు తెలుగు పత్రికలలోను, నవలలలోను, అనువాదములలోను 'నా కళ్లను నేనే నమ్మలేకపోయాను' అను వాక్యము తరచుగా కానవచ్చుచున్నది. దక్షిణ రాయలసీమలో భూతకాలక్రియకు 'చూస్తిని', 'పోతిని' అను రూపములును, 'కళ్లు' అనుటకు మారుగ 'కండ్లు' అను రూపమును వాడుకలో నున్నవి. కావున ఈ వాక్యమే ఇచ్చట 'నా కండ్లను నేనే నమ్మలేకపోతిని' అని వినబడును. వాక్యరూపము ఈ సీమకు సహజమైనదే. అందలి భావము సహజమైనదా కాదా అనునదియే ఇచ్చట విచారణీయాంశము.

తరగతిలో అనువాదపత్రములను దిద్దు ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఒకరు దీనిని ఆంగ్లచ్ఛాయ యని కొట్టివేయుదురు. మరియొకరు అందరును వాడుచున్నారు గదా యని అంగీకరింతురు. వాక్యము వ్యాకరణమునకు విరుద్ధము కాదు గనుక కొట్టివేయుటకు వ్యాకరణము తోడ్పడదు. అందరును వాడుట ఒక్కటియే అంగీకరించుటకు చాలదు. విద్యార్థి మాత్రము కారణము తెలియకయే మార్కులను పోగొట్టుకొనును, లేదా పొందును. అంతకంటె పెద్ద నష్ట మింకొకటి గలదు. ఆశ్చర్యము కలిగిన ప్రతి తావునను ఈ ఒక్క వాక్యమునే వాడుట అలవాటైనచో, ఆశ్చర్యభేదములను వేరువేరుగ చెప్పగల మన పలుకుబళ్లు పనిలేక మూలబడును. కావున ఈ భావమును తెలుగు తన మార్గమున ఎట్లు చెప్పుచున్నదో పరిశీలించి, ఆంగ్లపు పలుకుబడి ఎక్కడ తగును, ఎక్కడ తగదు అను విషయమును నిర్ణయించుటకు ఈ వ్యాసమున ప్రయత్నింతుము.

ఆంగ్లపు పలుకుబడి స్వభావము

ఈ పలుకుబడిలో కన్ను ఒక సాక్షి. మనసు న్యాయాధిపతి వలె కూర్చుండును. కన్నులు తాము చూచినదానిని దానికి నివేదించును. సాధారణముగ ఈ సాక్షుల మాటకు ఎదురులేదు. అసంభవమైన దానిని నివేదించినపుడు మాత్రము న్యాయాధిపతి తన నమ్మకమైన సాక్షులనే శంకించును. ఆశ్చర్యము యొక్క తీవ్రత ఈ శంకయందే యున్నది. ఎన్నడును శంకింపదగని దానిని శంకింపవలసి వచ్చినదనుటయే ఈ పలుకుబడికి బలము.

ఈ భావన పాశ్చాత్య వాఙ్మయమున బాగుగ వేరూరినది. షేక్స్పియరు రచించిన హామ్లెట్ నాటకపు ప్రథమరంగమున, కావలివారు చెప్పిన మాటను హొరేషియో మొదట భ్రమగా త్రోసిపుచ్చును. మృతుడైన రాజు రూపము తన యెదుటనే నిలిచిన పిమ్మట, తన కన్నులు సాక్ష్యమీయకున్నచో దీనిని నమ్మియుండనని ఒప్పుకొనును. యోహాను సువార్తలో తోమా అను శిష్యుడు, గాయపు గుర్తులను చూచి తాకినగాని నమ్మనని పట్టుపట్టును. ఈ రెండు కథలలోను కన్ను కడపటి ప్రమాణము. అట్టి ప్రమాణమునే కాదనుట గొప్ప అతిశయోక్తి యగును.

న్యాయస్థానములకు సైతము ఈ భావన పరిచితమే. 1872 నాటి భారత సాక్ష్య చట్టపు 60వ సెక్షను, చూడదగిన విషయమును గూర్చి చెప్పువాడు దానిని తానే చూచినవాడై యుండవలెనని విధించినది. 2024 జూలై 1వ తేదీ నుండి ఆ చట్టము స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినను ఈ సూత్రము మారలేదు. మనము 'ప్రత్యక్షసాక్షి' యనునది ఇట్టివానినే. అయితే ఇచ్చట సాక్షి మనిషి. కన్ను అతని సాధనము. సాధనమునే సాక్షిగ నిలువబెట్టి విచారించుట ఆంగ్లపు పలుకుబడిలోని విశేషము.

'కను', 'నమ్ము' అను ధాతువులు

తెలుగున చూపును చెప్పుటకు రెండు మార్గములు గలవు. 'నేను దానిని చూచితిని' అనునది ఒకటి. 'అది నాకు కనబడినది' అనునది రెండవది. మొదటి దానిలో చూచువాడు కర్త. రెండవ దానిలో చూడబడిన వస్తువే కర్త. చూచినవాడు 'నాకు' అని చతుర్థీరూపమున ప్రక్కకు తొలగును. వెదకి చూచినపుడు మొదటి మార్గమును, అనుకొనకుండ ఎదురైనపుడు రెండవ మార్గమును తెలుగువాడు సహజముగ ఎంచుకొనును. 'సంతలో మీ అన్న కనబడినాడు' అందుమే గాని, వెదకుచు పోయిననే తప్ప 'మీ అన్నను చూచితిని' అనుట అరుదు. ఆశ్చర్యము అనుకొనని దానికి సంబంధించినది. కావున ఆశ్చర్యమును చెప్పు వాక్యమున వస్తువు ముందునకు వచ్చుటయు, కన్ను వెనుకకు పోవుటయు తెలుగు వాక్యనిర్మాణమునకు అనుగుణమైన పని. అట్టి వాక్యమున సందేహము కనబడిన వస్తువుపై వ్రాలును: 'ఇది నిజమేనా?'

ఇక 'నమ్ము' ధాతువు. దీనికి సత్యమని తలచుట అను అర్థముతో బాటు ఆధారపడుట అను అర్థము బలముగ నున్నది. 'నమ్మినబంటు', 'నమ్మకద్రోహము', 'భూమిని నమ్ముకొని బ్రదుకుట' మొదలగు వానిని చూచినచో ఈ రెండవ అర్థము ఎంత లోతుగ నాటుకొన్నదో తెలియును. శ్రీకాళహస్తిలో కలముతో బట్టపై బొమ్మలు దీర్చు కలంకారీ పనివానిని గూర్చి, అతడు చేతిని, కన్నును నమ్ముకొని బ్రదుకుచున్నాడని అనవచ్చును. అతడే వృద్ధుడై చూపు మందగించినపుడు 'ఇంక నా కండ్లను నమ్మలేను' అన్నచో ఆ మాటకు ఆశ్చర్యార్థము లేదు. చూపు ఆనుట లేదని, ఇంక పని సాగదని అర్థము. ఇట్లు 'కండ్లను నమ్మలేకపోవుట' అను మాటకు తెలుగున ముందుగ తోచు అర్థము దృష్టిలోపము. ఆశ్చర్యార్థము సందర్భబలముచే తెచ్చుకొనవలసినది.

మరియొక ప్రయోగము ఇచ్చట గమనింపదగినది. నమ్మశక్యము కాని వార్తను వినినపుడు 'నమ్మబుద్ధి కాలేదు' అందుము. ఈ మాటలో నమ్ముటకు నిరాకరించునది బుద్ధి. కన్నుల ప్రసక్తియే లేదు. ఈ చిన్న ప్రయోగము ముందు చెప్పబోవు విషయములకు సూచకము.

సామెతల సాక్ష్యము

చూపును గూర్చి మన సామెతలు చెప్పునదేమి? 'ముంజేతి కంకణమునకు అద్దమేల' అనునది కంటికి ఎదుట నున్నదానికి వేరు ప్రమాణ మక్కరలేదని చెప్పును. ఇది చూపుపై సంపూర్ణ విశ్వాసము. 'తెల్లనివన్నియు పాలు, నల్లనివన్నియు నీళ్లు' అని తలచువాడు అమాయకుడని చెప్పు మాట దీనికి ఎదురుగ నిలుచును. ఆ అమాయకుని కన్నునకు దోషము లేదు. అది తెలుపును తెలుపుగనే చూచినది. తెలుపు చూచి పాలనుకొన్నది తొందరపడిన బుద్ధి. 'పచ్చకామెర్లవానికి లోకమంతయు పచ్చగ కనబడును' అనునపుడు దోషము దేహమందలి వ్యాధిది. ఈ సామెతను మనము వాడునది కూడ కన్నును గూర్చి కాక, చూచువాని దుర్బుద్ధిని గూర్చియే. త్రాడును పామనుకొనుటలో చీకటికిని భయమునకును పాలు గలదు.

ఈ సీమలో తమిళ, కన్నడములతో తెలుగు నిత్యము కలిసిమెలసి యుండును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు ఉత్తర ఆర్కాటు నుండి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి ప్రాంతములును, కడప నుండి మదనపల్లె, వాయల్పాడు ప్రాంతములును వచ్చి చేరినవి. ఒక భాషలోని సామెత వేరొక భాషలోనికి నడచివచ్చుట ఇట్టి సీమలో సహజము. కంటితో చూచినదియు అబద్ధము కావచ్చును, చెవితో వినినదియు అబద్ధము కావచ్చును, తీర విచారించి తెలిసికొన్నదే నిజమను తాత్పర్యము గల సామెత తమిళమున ప్రసిద్ధము. తెలుగునను అది వినబడుచున్నది. 'తీర విచారించు' అను మాట రెండు భాషలకును చెల్లుచున్నది. చూపును శంకింపుమని ఇంత సూటిగ చెప్పిన సామెత ఇంకొకటి కానరాదు. అయినను దీని తాత్పర్యము ఆంగ్లపు పలుకుబడి తాత్పర్యమునకు దూరము. ఆంగ్లమున ఆశ్చర్యపు కేక. ఇచ్చట తీర్పు చెప్పువానికి హెచ్చరిక. మొదటిది క్షణకాలపు అనుభవము, రెండవది నిదానముగ పాటింపవలసిన నీతి.

శాస్త్రమార్గము

'ప్రత్యక్షము' అను పదము వ్యుత్పత్తిచేతనే అక్షమునకు, అనగా ఇంద్రియమునకు, ఎదుట నున్నదని చెప్పును. న్యాయశాస్త్రము ప్రమాణములను లెక్కించునపుడు ప్రత్యక్షమునకే మొదటి స్థానమిచ్చినది. అయినను ఇంద్రియము వలన కలిగిన ప్రతి జ్ఞానమును అది ప్రమాణముగ గ్రహింపలేదు. గౌతముని సూత్రము ప్రత్యక్షజ్ఞానము తప్పిపోనిదిగను, నిశ్చయరూపమైనదిగను ఉండవలెనని నిబంధించినది. తర్కసంగ్రహమును రచించిన ఆంధ్రుడగు అన్నంభట్టు అయథార్థానుభవమును సంశయము, విపర్యయము, తర్కము అని మూడు విధములుగ విభజించెను. దూరమున నున్నది మ్రోడా, మనుష్యుడా అని ఊగులాడుట సంశయము. ముత్యపుచిప్పను చూచి వెండియని నిశ్చయించుకొనుట విపర్యయము.

ఈ విభాగమున మనకు ముఖ్యమైన అంశము ఒకటి గలదు. సంశయ విపర్యయములు రెండును అనుభవభేదములు. అనగా అవి జ్ఞానమునకు చెందినవి. కన్ను ఆ జ్ఞానమునకు కారణములలో ఒకటి మాత్రమే. దూరము, మసక వెలుతురు, పైత్యాది రోగములు ఇవియెల్ల దోషములుగ గణింపబడినవి. కావున శాస్త్రదృష్టిలో 'కన్ను అబద్ధమాడినది' అనుట కంటె 'దోషవశమున నాకు తప్పు జ్ఞానము కలిగినది' అనుట సరియైన మాట.

ఆలంకారికులు ఈ విభాగమునే కావ్యమునకు మార్చుకొనిరి. ముఖమా, చంద్రుడా అని ఊగులాడినచో సందేహాలంకారము. ముఖమునే చంద్రుడనుకొని చకోరములు వెంటబడినచో భ్రాంతిమదలంకారము. శాస్త్రమున దోషములైన సంశయ విపర్యయములు కావ్యమున శోభలైనవి. తెలుగు కవికి చూపును శంకించి చెప్పుటకు సిద్ధముగ నున్న ఉపకరణములు ఇవి. ఇందును కవి కన్నును నిందింపడు. రెండు వస్తువుల పోలికను మెచ్చుకొనును.

కావ్యకథలలో మూడు ఘట్టములు

మొదటిది భాగవతము దశమస్కంధమున యశోద ఘట్టము. మన్ను తినలేదని చూపుటకు బాలుడు నోరు తెరచినపుడు ఆ తల్లికి అందు సమస్త బ్రహ్మాండము కనబడును. అసంభవమైన దృశ్యమనగ ఇంతకు మించినది లేదు. ఆమె మనసున వరుసగ సందేహములు పుట్టును. మూలమునను, పోతన తెలుగునను ఆ వరుసలో కల యున్నది, విష్ణుమాయ యున్నది, తన బుద్ధికి కలిగిన భ్రమ యున్నది, బిడ్డ యొక్క మహిమ యున్నది. నా కన్నులు తప్పు చూచినవా అను సందేహమునకు మాత్రము ప్రాధాన్యము లేదు. ఈ ఘట్టము తెలుగువారి నోట ఎంతగ నిలిచినదనగ, నమ్మలేని దానిని చూచినపుడు చదువురానివారు సైతము 'ఇది కలా, వైష్ణవమాయా' అందురు. ఒక కావ్యఘట్టము పలుకుబడిగ మారిన తీరునకు ఇది మేలైన ఉదాహరణము.

రెండవది భారతము సభాపర్వమున మయసభ ఘట్టము. దుర్యోధనుడు స్ఫటికపు నేలను చూచి నీరని వస్త్రమును పైకెత్తుకొనును. నీటిని చూచి నేలయని అందు పడును. మూసిన ద్వారమును తెరచినదనుకొని నొసట దెబ్బ తినును. ఆ పిమ్మట నిజముగ తెరచియున్న ద్వారమును చూచియు మూసినదనుకొని వెనుదిరుగును. ఈ కడపటి మెట్టు ఎంతయు గమనింపదగినది. ముందటివి కన్ను మోసపోవుటలు. ఇది మోసపోయినవాడు కన్నును నమ్మకపోవుట. మన వాఙ్మయమున ఆంగ్లపు పలుకుబడి యొక్క అక్షరార్థమునకు మిక్కిలి దగ్గరగ వచ్చిన ఘట్టము ఇదియే యని మా అభిప్రాయము. అయితే ఇందలి రసము ఆశ్చర్యము కాదు. అవమానమును, దానినుండి పుట్టిన పగయును ఇచ్చట ప్రధానములు; ఆ పగయే ద్యూతమునకు దారితీసినది.

మూడవది మేకను మోసికొని పోవు బ్రాహ్మణుని కథ. ఇది పంచతంత్రమునను, హితోపదేశమునను గలదు. హితోపదేశ పాఠమున ముగ్గురు ధూర్తులు దారిలో అంతరాంతరముల నిలిచి, కుక్కను ఏల మోయుచున్నావని ఒకరి తరువాత ఒకరు అడుగుదురు. ఇద్దరి మాటలు వినిన పిమ్మట అతడు మేకను నేల దించి మాటిమాటికి పరికించి చూచి, మరల భుజమునకెత్తుకొని ఊగులాడు మనసుతో నడచును. మూడవవాని మాట వినగనే తనకు మతిభ్రమ కలిగినదని నిశ్చయించుకొని, మేకను విడిచి, స్నానము చేసి ఇంటికి పోవును. ఇతడు నిక్కముగ తన కన్నులను నమ్మనివాడు. కన్ను సరిగనే చూచినది, పదేపదే చూచినది. అయినను పదుగురి మాటకు చూపు ఓడిపోయినది. ఇచ్చటను అతడు తప్పును మోపినది కన్నుపై గాదు, మతిపైన. మరియు, ఆంగ్లమున కన్నులను నమ్మకపోవుట ఒక గొప్ప దృశ్యమునకు కితాబు. ఈ కథలో అది బుద్ధిహీనతకు గుర్తు. ఇట్టిదే మరియొక భావమును మనము 'దేవతావస్త్రములు' అను మాటతో చెప్పుచున్నాము. లేని వస్త్రమును అందరును చూచితిమనుట, ఉన్న మేకను కాదనుటకు తోబుట్టువు.

ఈ సీమలో కన్ను

మన ప్రాంతమునకు వచ్చినచో కన్నును గూర్చిన రెండు కథలు లోకప్రసిద్ధములై యున్నవి. ఒకటి శ్రీకాళహస్తి తిన్నని కథ. పన్నెండవ శతాబ్దమున చేక్కిళారు పెరియపురాణమునను, పదునారవ శతాబ్దమున ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమునను దీనిని విస్తరించిరి. వేటకాడగు తిన్నడు లింగమునకు మాంసమును నివేదించును. పూజారి దానికి రోయును. చాటుననుండి చూడుమని స్వామి పూజారిని ఆదేశించును. అంతట లింగము కంటినుండి రక్తము కారును. తిన్నడు తన కంటిని పెకలించి అక్కడ పెట్టును. రెండవ కన్నును స్రవించుట చూచి, తన రెండవ కన్ను పోయినచో తావు తెలియదని పాదముతో గురుతు పెట్టి, దానినిసైతము పెకలింపబోవగా స్వామి వారించును. కన్నప్ప యను పేరు అతనికి ఇట్లు కలిగినది.

రాతినుండి రక్తము కారుట నమ్మశక్యము గాని దృశ్యము. ఇచ్చట ఎవడైనను 'ఇది కలా, భ్రమా' అనవలెను. తిన్నడు అనలేదు. కనబడినది నిజమా యని అతడు అడుగడు. దానికి మందేమి యనియే అడుగును. చాటున నిలిచిన పూజారి శాస్త్రము చదివినవాడు. అతనికి చూచినగాని నమ్మకము కలుగలేదు. చూడని వానికి చూపు అవసరమైనది; చూచినవానికి సందేహము పుట్టలేదు. కన్నులను నమ్మకపోవుట అను భావమునకు తావున్న చోట, ఈ కథ కన్నులనే ఇచ్చివేయుటను నిలిపినది. స్వర్ణముఖీ తీరమున, గుడికి చేరువ కొండపై కన్నప్ప ఆలయము నేటికిని ఈ కథను స్మరింపజేయుచున్నది.

రెండవది తిరుపతి గంగమ్మ కథ. తాతయ్యగుంట గంగమ్మకు ప్రతి సంవత్సరము వేసవిలో జరుగు జాతరలో బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు మొదలగు వేషములు కట్టుదురు. మ్రొక్కుబడిగ పురుషులు స్త్రీవేషమును ధరింతురు. స్త్రీలను బాధించిన పాలెగాడు గంగమ్మకు వెఱచి దాగుకొనగా, ఆమె పలు వేషములతో వెదకి, కడకు దొరవేషమున వచ్చినపుడు అతడు మోసపోయి వెలుపలికి రాగా వధించినదని స్థలకథ. కైకాలవారి కుటుంబము ఈ వేషములను సంప్రదాయముగ ధరించుచున్నది. పాలెగాడు తన కన్నులను నమ్మి చెడినాడు. ఈ కథ ఇంతమాత్రమే చెప్పినచో 'తెల్లనివన్నియు పాలు' అను సామెతకు ఉదాహరణ మగును. కాని జాతర నాడు వీధిలో నిలిచి చూచువారికి వేషము మోసము కాదు. ఎదురింటి పురుషుడే అమ్మవారై నడచి వచ్చుచుండగా, వారు అతనిని ఎరిగియే ఆమెకు హారతి పట్టుదురు. జాయ్స్ ఫ్లూకిగర్ అను అమెరికా పండితురాలు ఈ జాతరపై 2013లో ప్రకటించిన గ్రంథమున, వేషము దాచునదిగ గాక రూపమును వెలయించునదిగ ఇచ్చట భావింపబడుచున్నదని వివరించినది. కన్ను ఒకనిని చూచుచుండగా మనసు వేరొకరిని దర్శించును, రెండును నిజములే. ఇట్టి చోట కన్నును నమ్ముటయా, నమ్మకుండుటయా అను ప్రశ్నకే అవకాశము లేదు.

తెలుగు పలుకుబళ్ల వర్గీకరణము

పైన చూపిన ఆధారములను బట్టి, నమ్మలేని దృశ్యమును చెప్పు మన పలుకుబళ్లను అయిదు తెగలుగ విభజింపవచ్చును.

మొదటి తెగ అనుకొనని సంతోషమునకు సంబంధించినది. ఏండ్లతరబడి జాడ తెలియని కొడుకు గడపలో నిలిచినపుడు తల్లి 'కలయో నిజమో' అనును. కండ్లు నులుముకొని చూచును. తన్ను తాను గిల్లి చూచుకొనును. ఈ చేష్టలు మెలకువను పరీక్షించునవి. సందేహము నిద్రపై నున్నది.

రెండవ తెగ సౌందర్యమునకును, వైభవమునకును చెందినది. కన్నులు చెదరును, మిరుమిట్లు గొనును, రెప్పవాల్చక చూతుము. తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవను చూచివచ్చినవాడు 'చూచుటకు రెండు కండ్లు చాలలే'దనును. ఇది ఆంగ్లపు పలుకుబడికి సరిగ ఎదురైన మాట. అచ్చట కన్నుల మాట ఎక్కువైనదని శంక. ఇచ్చట కన్నులే తక్కువైనవని చింత.

మూడవ తెగ నేర్పరితనమునకును మోసమునకును చెందినది. 'కనికట్టు', 'ఇంద్రజాలము', 'మాయ' అను మాటలు ఇందు చేరును. కనికట్టు అనగ కన్నును కట్టివేయుట. కట్టినవాడు వేరొకడు, కన్ను బందీ. తప్పు దానిది కాదు.

నాలుగవ తెగ విపత్తును, దుఃఖమును చూచినపుడు కలుగు స్తబ్ధత. మ్రాన్పడుట, కొయ్యబారుట, నోట మాట రాకపోవుట ఈ తెగలోనివి. 'కండ్లయెదుటనే జరిగిపోయినది' అనునపుడు కన్నుల సాక్ష్యము స్థిరము. ఆ స్థిరత్వమే దుఃఖమునకు కారణము.

అయిదవ తెగ లోకరీతికి విరుద్ధమైన దానిని చూచి నొచ్చుకొనుట. ముక్కున వేలు వేసికొందురు, చోద్యమందురు, విడ్డూరమందురు. వృద్ధులు 'ఈ కండ్లతో ఇదికూడ చూడవలసి వచ్చెనే' యని వాపోవుదురు. ఇచ్చట కన్నులు బాధితులు. చూడరాని దానిని చూచిన భారము వానిది.

ఈ అయిదు తెగలలో ఎక్కడను కన్ను అబద్ధసాక్షిగ నిలువలేదు. అది చాలనిదిగ, కట్టబడినదిగ, చెదరినదిగ, బాధపడినదిగ కనబడుచున్నది. శంక నిద్రపైన, మాయపైన, మతిపైన, లోకరీతిపైన వ్రాలుచున్నది. ఇదియే ఆంగ్లమునకును తెలుగునకును గల ప్రధానభేదము.

అనువాదకునకు ఉపయోగము

ఈ వర్గీకరణము యొక్క ప్రయోజనమును ఒక నిజసంఘటనతో పరీక్షింతము. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26వ తేదీన కూలిపోయెను. దాని స్థానమున నిర్మింపబడిన క్రొత్త గోపురము 2017లో ప్రతిష్ఠింపబడినది. దాదాపు అయిదువందల యేండ్లు నిలిచిన గోపురము నేలమట్టమగుటను చూచినవానిని గూర్చి ఆంగ్లమున వ్రాయువాడు, అతడు తన కన్నులను నమ్మలేకపోయెనని వ్రాయును. దానిని తెలుగు చేయువాడు ఏమి వ్రాయవలెను? దగ్గరనే నిలిచి చూచినవాడైనచో 'కండ్లయెదుటనే కూలిపోగా మ్రాన్పడి నిలిచెను' అనుట నాలుగవ తెగకు తగును. మరునాడు వచ్చి ఖాళీ ఆకాశమును చూచిన వృద్ధుడైనచో 'ఈ కండ్లతో ఇదికూడ చూడవలసి వచ్చెనే' అనుట అయిదవ తెగకు తగును. దూరదేశమున వార్త వినినవాడైనచో 'నమ్మబుద్ధి కాలేదు' అనవలెను. క్రొత్త గోపురమును మొదటిసారి చూచినవానికి రెండవ తెగ యున్నది. ఆంగ్లమున ఒకే వాక్యముతో సరిపెట్టదగిన సందర్భములు తెలుగున నాలుగు మనుష్యులను, నాలుగు మనఃస్థితులను చూపుచున్నవి. ఒకే వాక్యమునకు కట్టుబడిన అనువాదమున ఈ నలుగురును ఒక్కరై పోవుదురు.

అట్లని 'కండ్లను నమ్మలేకపోతిని' అను వాక్యమును నిషేధింపుమని మేము చెప్పము. కన్ను యొక్క సామర్థ్యమే నిజముగ ప్రశ్నింపబడు చోట అది తగినది, అవసరమైనది. మసకవెలుతురులో నేరమును చూచిన సాక్షి, సూక్ష్మదర్శినిలో అనుకొనని రూపమును చూచి మరల మరల కటకమును సరిచూచుకొను శాస్త్రజ్ఞుడు, చూపు మందగించిన పనివాడు ఈ వాక్యమును పలుకదగినవారు. మయసభలో తెరచిన ద్వారము ముందు వెనుదిరిగిన దుర్యోధనునకు ఇంతకు మించి తగిన వాక్యము లేదు. మూలరచయిత ఉద్దేశపూర్వకముగ కన్నును సాక్షిగ నిలిపి, ఆ రూపకమును ముందునకు సాగించినచో అనువాదకుడు దానిని విడువరాదు. హొరేషియో పలుకును తెలుగు చేయునపుడు కన్నుల సాక్ష్యమును తీసివేసినచో నాటకార్థమే చెడును. అలవాటుగ పడిన చోట మార్చవలెను, ఆలోచించి పెట్టిన చోట నిలుపవలెను అనునది సూత్రము.

ఉపాధ్యాయులు పత్రమును దిద్దునపుడు ఈ వాక్యము క్రింద గీత గీసి వదలుటకు మారుగ, ప్రక్కన ఒక చిన్న ప్రశ్న వ్రాయుట మేలు: 'ఇచ్చట శంక దేనిపైన?' నిద్రపైననా, మాయపైననా, మతిపైననా, లోకరీతిపైననా, కంటిపైననా అని విద్యార్థి ఆలోచించినచో తగిన పలుకుబడి తనంతట దొరకును. ఇది మార్కుల తగవును పరిష్కరించుటయే గాక, మూలమును మరియొకమారు లోతుగ చదువునట్లు చేయును.

పరిశోధకులు చేయదగిన పని యొకటి ఇచ్చట మిగిలియున్నది. 1868లోనే కెప్టెన్ కార్ తెలుగు సామెతలను సంకలనము చేసెను. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములతో వెలువడి, ఊరూర తిరిగి పదములను సేకరించు పద్ధతికి మార్గమైనది. ఆ పద్ధతినే అనుసరించి చిత్తూరు, తిరుపతి జిల్లాలలో ఆశ్చర్యము, సందేహము, భ్రమ అను భావములకు గల పలుకుబళ్లను, తమిళ కన్నడముల పొత్తుతో వచ్చిన రూపములతో సహా, పలికినవారి సందర్భముతో కూడ సేకరింపవలెను. గంగమ్మ జాతర నాటి వీధులు, శ్రీకాళహస్తి కలంకారీ ఇండ్లు, పలమనేరు, కుప్పము సరిహద్దు సంతలు అందులకు తగిన క్షేత్రములు. ఈ మాటలు పలుకు వృద్ధులు తగ్గిపోవుచున్నారు. వారి నోటనుండి వ్రాసికొనని పలుకుబడిని నిఘంటువు తరువాత పుట్టింపలేదు.